కూరగాయల గంప నుంచి ధర్మాసుపత్రి దాకా: టాన్ టాక్ సెంగ్

మా ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్ళే దారిలో నొవీనా వస్తుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ దారిలో తిరుగుతున్నాను. అక్కడి పెద్దాసుపత్రి బోర్డు మీద ఆ పేరు ఎన్ని వేలసార్లు చదివి ఉంటానో లెక్కలేదు. టాన్ టాక్ సెంగ్. సింగపూర్‌లో నాలుగేళ్ళు కాపురం చేసిన తెలుగువాళ్ళెవరికైనా పరిచయమైన పేరే. మనం దాన్ని టీటీఎస్‌హెచ్ అని పొట్టిగా కత్తిరించి వాడుకుంటాం. వచ్చిన కొత్తలో నేనది ఏదో పేట పేరు అనుకున్నాను. మన గాంధీ ఆసుపత్రిలా అదీ ఒక మనిషి పేరని చాలాకాలం తోచనేలేదు.

ఆ మనిషి ఎవరో తెలుసుకోవాలని బుద్ధి పుట్టడానికి ఒక కారణం ఉంది. అది నాకు కాస్త ఇబ్బందికరమైన కారణం. అయినా ముందు అది చెప్పకపోతే మిగతాదంతా ఎందుకు రాస్తున్నానో మీకు అర్థం కాదు.

పదేళ్ళ పైమాట. ఒక శనివారం రాత్రి పదకొండు గంటలకు తెలిసినాయన ఫోన్ చేశాడు. వాళ్ళావిడ బాత్రూంలో జారిపడింది, చెయ్యి వాచింది, ఆసుపత్రికి తీసుకొచ్చాం, ఆవిడకు ఇంగ్లీషు అంతగా రాదు, నాకేమో కంగారుగా ఉంది, కాస్త వస్తారా అన్నాడు. వెళ్ళాను. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం. డాక్టరు చూశాడు, ఎక్స్‌రే తీశారు. అప్పటిదాకా నేనే తెలుగులోంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషులోంచి తెలుగులోకి మాటలు మోశాను. తరవాత ఒక పెద్దావిడ వచ్చింది. మెడికల్ సోషల్ వర్కర్ అట. నేనెవరినని అడిగింది. ఫ్యామిలీ ఫ్రెండ్‌ని అన్నాను. చాలా మర్యాదగా కృతజ్ఞతలు చెప్పి, దుబాసీ ఏర్పాటు మేం చూసుకుంటాం, మీరిద్దరూ బయట కూర్చోండి అంది. అంటే భర్తా, నేనూ.

నాకు చాలా కోపం వచ్చిందనే చెప్పాలి. చదువుకున్నవాళ్ళం, మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళం, మమ్మల్ని ఏమనుకుంటోంది ఈవిడ అనిపించింది. బయట బెంచీ మీద గంటన్నర కూర్చున్నాం. అతను ఆఫీసు కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

అది జారిపడటం కాదని తరవాత తెలిసింది. ఇంకా చెప్పాలంటే, మా ఆవిడకు అంతకుముందే అనుమానం ఉందట. ఆ అమ్మాయి మా ఇళ్ళల్లో వ్రతాలకు రావడం మానేసి ఆరునెలలు దాటింది, ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాలు వేసుకునేది. నేను గమనించలేదని అనను. గమనించి, మనకెందుకులే అనుకున్నాను. ఆ అమ్మాయి ఇప్పుడు క్షేమంగా ఉంది. అంతకు మించి రాయడం భావ్యం కాదు.

ఆ పెద్దావిడ మమ్మల్ని బయటికి ఎందుకు పంపిందో ఆరా తీస్తే ఇది ఒక్కరి చొరవ కాదని అర్థమైంది. సింగపూర్‌లో 1996 నుంచి పోలీసులు, కోర్టులు, ఆసుపత్రులు, సామాజిక సేవాసంస్థలు కుటుంబ హింస విషయంలో ఒకరికొకరు కబురు అందించుకునే ఏర్పాటు ఒకటి ఉంది. గాయానికి కట్టు కట్టడంతో ఆసుపత్రి పని అయిపోదు, ఆ గాయం మళ్ళీ కాకుండా చూడటమూ ఆసుపత్రి పనే అన్నది దాని సారాంశం. గాయపడిన మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి, ఇంటివాళ్ళనూ వాళ్ళ స్నేహితులనూ దుబాసీలుగా పెట్టకూడదు. ఇవన్నీ అందులో భాగాలే.

ఇదంతా చదువుతూ చదువుతూ వెనక్కి వెళ్ళాను. ఈ ఊళ్ళో బీదవాడి ఒంటి గురించి, వీధిలో కొట్లాటల గురించి, రెండింటి గురించీ ఒకేసారి పట్టించుకున్న మనిషి ఎవరని వెతికితే రోజూ నేను చదివే బోర్డు దగ్గరికే వచ్చి ఆగాను!

టాన్ అన్నది ఇంటిపేరు. చైనావాళ్ళకూ మనలాగే ఇంటిపేరు ముందు. అంటే ఆయన్ను టాన్ వారి టాక్ సెంగ్ గారు అనుకోవచ్చు. 1798లో మలక్కాలో పుట్టాడు. తండ్రి చైనాలోని ఫుజియన్ నుంచి వలస వచ్చిన హొక్కియెన్ భాషవాడు, తల్లి మలక్కా స్థానికురాలు. ఆస్తిపాస్తులేమీ లేవు. 1819 జనవరిలో రాఫుల్స్ ఇక్కడ దిగి ఈస్టిండియా కంపెనీ జెండా నాటాడు. ఆ ఏడే ఈయనా దిగాడు. వయసు ఇరవై ఒకటి. కొత్తగా తెరిచిన ఊళ్ళో అదృష్టం చూసుకుందామని వచ్చిన కుర్రాడు. మనవాళ్ళు తొంభైల్లో హెచ్ వన్ వీసాల మీద విమానాలెక్కినట్టే అనుకోండి, కాకపోతే ఈయన చేతిలో ఆఫర్ లెటర్ లేదు.

చేసిన పని ఏమిటంటే, ఊరి బయట తోటల్లో కూరగాయలు, పళ్ళు, కోళ్ళు కొని, పట్నంలోకి తెచ్చి అమ్మడం. కొన్నేళ్ళు అలా గంప మోశాడు. దమ్మిడీ దమ్మిడీ వెనకేసి 1827 నాటికి బోట్ కీ ఒడ్డున ఒక దుకాణం తెరిచాడు. ఇవాళ ఆ ఒడ్డున మన కుర్రాళ్ళు శుక్రవారం సాయంత్రాలు బీరు గ్లాసులతో కూర్చుంటారు. అప్పుడక్కడ పడవలు సరుకు దించేవి. ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకున్నాడు, దానివల్ల తెల్ల వర్తకులతో పరిచయాలు పెరిగాయి. షా వైట్‌హెడ్ కంపెనీకి చెందిన వైట్‌హెడ్ అనే ఇంగ్లీషు వర్తకుడితో కలిసి భూములు కొని అమ్మాడు. అసలు డబ్బంతా అక్కడే వచ్చిందంటారు. సింగపూర్‌లో రియల్ ఎస్టేట్ అనేది ఊరు పుట్టిన నాటినుంచీ ఉందన్నమాట!

ఆయన వ్యాపారం గురించి ఇంతకంటే రాయను. ధనవంతులైనవాళ్ళు ఈ ఊళ్ళో అప్పుడూ చాలామందే. నన్ను పట్టుకున్నది ఆయన డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాడన్న సంగతి.

ఆ కాలపు సింగపూర్‌ను ఒక్కసారి ఊహించుకోండి. చైనా నుంచి పడవల్లో వేలాది మగవాళ్ళు దిగుతున్నారు. కొత్తగా వచ్చినవాణ్ణి సింకే అనేవారు. పడవ ఖర్చు అప్పు. ఆ అప్పు తీరేదాకా గాంబియర్ తోటల్లోనో, మిరియాల తోటల్లోనో చాకిరీ. తోటల్లో పులులు మనుషుల్ని ఎత్తుకుపోయేవి, ఇది అతిశయోక్తి కాదు. పెళ్ళాం పిల్లలు లేరు, బంధువులు లేరు. ఒళ్ళు నొప్పులకు నల్లమందు. ఆ నల్లమందు అమ్మే హక్కును వేలం వేసి వచ్చిన సొమ్ముతోనే ప్రభుత్వం చాలావరకు నడిచేది. రాబర్ట్ లిటిల్ అనే డాక్టరు 1848లో ఆ అలవాటు ఊళ్ళో ఎంత పాతుకుపోయిందో వివరంగా ఒక వ్యాసమే రాశాడు. చివరికి కాళ్ళు పుళ్ళు పట్టి, పని చేయలేక, వీధి పక్కన పడేవాడు.

వాడికి వైద్యం ఎవరు చేయాలి? మొదట్లో ప్రభుత్వం ఒక ఉపాయం చేసింది. పంది మాంసం అమ్మకం మీద పన్ను వేసి, దాంతో బీద చైనావాళ్ళ వైద్యం నడిపింది. తినేది వాళ్ళే కాబట్టి కట్టేదీ వాళ్ళే అన్న లెక్క. ఆ పన్ను 1837లో రద్దయింది. అప్పట్లో సింగపూర్‌కు పై అధికారం కలకత్తా. మద్రాసు పటాలాల సిపాయిలే ఇక్కడ కాపలా. మన కృష్ణా గోదావరి జిల్లాలను ఏలిన కంపెనీయే దీన్నీ ఏలింది. పన్ను పోయింది, దాని స్థానంలో వైద్యానికి డబ్బు మాత్రం రాలేదు. రోగాలతో, ఆకలితో వీధుల్లోనే పోయేవాళ్ళు పెరిగారు.

టాన్ టాక్ సెంగ్ మొదట చేసిన పని ఆసుపత్రి కట్టడం కాదు. దిక్కులేని శవాలను తన ఖర్చుతో పూడ్పించడం. ఈ సంగతి చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. మన దగ్గర అనాథ ప్రేత సంస్కారం చేస్తే అశ్వమేధం చేసినంత పుణ్యం అంటారు. ఆ కాలపు చైనా కూలీకి కూడా పరాయి దేశంలో చస్తే ఎవరు పూడుస్తారన్నది తిండి తరవాత అంత పెద్ద బెంగ.

ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో ఊరిని గడగడలాడించినవి రహస్య సంఘాలు. గీ హిన్ అన్నది అందులో పేరుమోసింది. మనం సినిమాల్లో చూసినట్టు అవి ఉత్త రౌడీ ముఠాలు కావు. కొత్తగా దిగినవాడికి పని చూపించేవి, జబ్బు చేస్తే చూసుకునేవి, చస్తే పూడ్చేవి. దానికి బదులుగా సంఘం కొట్లాటకు పిలిస్తే కత్తి పట్టుకు రావాలి. అంటే ఆ కూలీ కొట్లాటకు పోయింది కేవలం పౌరుషం కొద్దీ కాదు, తన శవానికి దిక్కుండాలని కూడా. అలాంటప్పుడు ఏ ప్రమాణమూ చేయించుకోకుండా, ఏ కొట్లాటకూ రమ్మనకుండా శవాన్ని పూడ్చేవాడు, రోగిని చేర్చుకునేవాడు ఒకడుంటే ఆ సంఘాల పట్టు ఆమేరకు సడలుతుంది కదా. టాన్ టాక్ సెంగ్ ఇంత లెక్క వేసుకుని చేశాడని నేను అనడం లేదు. ఆయన మనసులో ఏముందో చెప్పే కాగితం ఏదీ నా కంట పడలేదు. చేసిన పని మాత్రం అదే.

కొట్లాటలు ఆయన నేరుగా కూడా ఆపేవాడు. గవర్నర్ బటర్‌వర్త్ కాలంలో ఆయన్ను జస్టిస్ ఆఫ్ ది పీస్‌గా నియమించారు. అప్పటిదాకా ఆ పదవి తెల్లవాళ్ళకే. ఆసియావాళ్ళలో ఈయనే మొదటివాడు. పదవి పేరులోనే శాంతి ఉంది చూడండి. చైనావాళ్ళ మధ్య తగాదాలు, జీతాల గొడవలు, అప్పుల పేచీలు ఆయన దగ్గరకు వచ్చేవి. మన ఊళ్ళల్లో రచ్చబండ మీద పెద్దమనిషి ఎలాగో అలాగ. హొక్కియెన్లు తమ నాయకుడిగా ఆయన్ను పెట్టుకున్నారు. తెలోక్ అయర్ వీధిలో 1839 నుంచి 1842 దాకా కట్టిన థియాన్ హాక్ కెంగ్ గుడికి అందరికంటే పెద్ద చందా ఆయనదే. సముద్రం మీద క్షేమంగా తెచ్చినందుకు మజు అమ్మవారికి కట్టిన గుడి అది. ఒక మేకు కూడా వాడకుండా కట్టారని చెబుతారు. చూడకపోతే ఒక ఆదివారం చూడండి, మన గుళ్ళలాగే గడప దాటి లోపలికి పోవాలి.

సరే, ఆసుపత్రి సంగతికి వద్దాం. 1844లో ఆయన ముందుకొచ్చి బీదల ఆసుపత్రి కట్టడానికి డబ్బిస్తానన్నాడు. మొత్తం మీద ఏడు వేల స్పానిష్ డాలర్లు. ఆ ఏడు జూలై 25న పెర్ల్స్ హిల్ గుట్ట మీద శంకుస్థాపన జరిగింది. పెర్ల్స్ హిల్ అంటే ఇప్పటి చైనాటౌన్ ఎమ్మార్టీ వెనక కనబడే గుట్టే. నమూనా గీసింది ప్రభుత్వ సర్వేయరు జాన్ టర్న్‌బుల్ థామ్సన్. పక్కనే తెల్ల నావికులకు మరో ఆసుపత్రి.

కట్టడం 1847కి పూర్తయింది. రోగులు లోపలికి వెళ్ళింది మాత్రం 1849లో! ఈ రెండేళ్ళ ఖాళీ చూస్తే నాకు మన వైపు రిబ్బన్ కత్తిరించి తాళం వేసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు గుర్తొచ్చాయి. భవనం ఒక్కసారి ఇస్తే అయిపోతుంది. బియ్యం, మందులు, దుప్పట్లు, పనివాళ్ళు, ఇవి నెలనెలా కావాలి. అవి ఎవరివ్వాలన్నది తేలలేదు. దాత భవనం ఇచ్చాడు గనక మిగతాదీ చైనా వర్తకులే చూసుకోవాలని ప్రభుత్వం చూపు, కూలీల చెమటతో ఆదాయం పొందుతున్నది ప్రభుత్వం గనక అది చూడాలని వర్తకుల చూపు. ఈ పేచీ ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు సాగింది.

పేరుకు చైనా బీదల ఆసుపత్రి అన్నా మిగతా జాతుల బీదవాళ్ళకూ తలుపు తీసే ఉండేది. మనవాళ్ళు ఎవరైనా చేరారా అని నాకు కుతూహలం. ఆ కాలంలో ఈ ఊళ్ళో రోడ్లు వేసిన శిక్షాఖైదీల్లో, సిపాయిల్లో మద్రాసు ప్రెసిడెన్సీవాళ్ళు చాలామంది ఉన్నారు, అందులో తెలుగువాళ్ళు లేకుండా ఉండరు.

ఆసుపత్రి తెరిచి ఎన్నాళ్ళో కాలేదు. 1850 ఫిబ్రవరి 24న టాన్ టాక్ సెంగ్ జబ్బుచేసి చనిపోయాడు. యాభై రెండేళ్ళు. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. తను కట్టించిన వార్డుల్లో మంచాలు నిండటం ఆయన ఎక్కువ రోజులు చూడలేదు.

మామూలుగా ఇలాంటి కథలు ఇక్కడితో ముగుస్తాయి. దాత పోయాడు, పేరు మిగిలింది అని. ఇక్కడ అలా జరగలేదు, అందుకు ఇద్దరు కారణం. ఒకరు భార్య లీ సియో నియో. ఆవిడకు గేలాంగ్ వైపు పెద్ద కొబ్బరితోట ఉండేది. ఆడవాళ్ళ వార్డు కట్టడానికి ఆవిడ డబ్బిచ్చింది. మగవాళ్ళే నిండిన ఆ ఊళ్ళో ఆడవాళ్ళు తక్కువ, వాళ్ళకు జబ్బు చేస్తే పడుకోవడానికి చోటు ఇంకా తక్కువ. ఆవిడ గురించి పుస్తకాల్లో రెండు మూడు వాక్యాలకంటే లేవు, అది నాకు నచ్చలేదు. నన్నడిగితే ఆ బోర్డు మీద రెండు పేర్లు ఉండాల్సింది.

రెండోవారు పెద్దకొడుకు టాన్ కిమ్ చింగ్. తండ్రి తరవాత ఆసుపత్రికి మళ్ళీ డబ్బిచ్చి గదులు పెంచాడు. ఈయన సయాం రాజుకు సింగపూర్‌లో కాన్సల్. రాజుగారి పిల్లలకు చదువు చెప్పడానికి ఆనా లియోనోవెన్స్ అనే టీచరమ్మను కుదిర్చి పంపింది ఈయనే. ద కింగ్ అండ్ ఐ సినిమా చూసినవాళ్ళకు కథ తెలుసు, వెనక ఈ ఆసుపత్రి కుటుంబం ఉందని చాలామందికి తెలియదు.

ఆసుపత్రి వల్ల కొట్లాటలు ఆగిపోయాయా అంటే, లేదు. ఆయన బతికుండగానే 1846లో గీ హిన్ నాయకుడి శవయాత్ర గొడవగా మారింది. ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1854 మేలో, బియ్యం ధర దగ్గర మొదలైన చిన్న జగడం హొక్కియెన్లకూ టియోచ్యూలకూ మధ్య పది రోజులకు పైగా సాగిన మారణకాండ అయింది. వందలమంది చచ్చారు. ఆసుపత్రి మాత్రం ఎవరు ఏ సంఘం అని అడగకుండా నడిచింది. నడిచిందంటే బాగా నడిచిందని కాదు. నీళ్ళకు కటకట, తిండికి కటకట, చేరినవాళ్ళలో చాలామంది బతికి బయటికి రాలేదు. ధర్మాసుపత్రి అన్న మాటకు మన అమ్మమ్మల కాలంలో ఉన్న భయమంతా దానికీ ఉండేది.

తరవాత 1857 వచ్చింది. మీరట్‌లో లేచిన సిపాయిల తిరుగుబాటు సెగ ఇక్కడి తెల్లవాళ్ళకూ తగిలింది. కోటలు కట్టాలి, గుట్టలన్నీ సైన్యానికి కావాలి అన్నారు. పెర్ల్స్ హిల్ మీది ఆసుపత్రి భవనాలు సైన్యం చేతికి పోయాయి. బీద రోగులు ఊరి చివర బురదనేలకు, సెరంగూన్ రోడ్డు, బాలెస్టియర్ రోడ్డు కలిసే చోటుకు మారారు. మనం ఉగాదికి, ముక్కోటికి వెళ్ళే శ్రీనివాస పెరుమాళ్ గుడికి అది కూతవేటు దూరం. ప్రసాదం తీసుకుని ఫారర్ పార్క్ వైపు నడిచే ఆ రోడ్డుకు అవతల సుమారు యాభై ఏళ్ళ పాటు బీదల ఆసుపత్రి ఉండేదని మనలో ఎంతమందికి తెలుసు? 1909లో అక్కడినుంచి ఇప్పటి మౌల్మీన్ రోడ్డుకు వచ్చింది.

ఆ తరవాత కథ వేగంగా చెబుతాను. యుద్ధం తరవాతి సంవత్సరాల్లో అది ప్రధానంగా క్షయ ఆసుపత్రి. 2003 మార్చిలో సార్స్ వచ్చినప్పుడు రోగులందరినీ ఈ ఒక్కచోటికే చేర్చారు. ఊరు మొత్తం మీద 238 మందికి సోకి 33 మంది పోయారు. రోగులకు సేవ చేస్తూ పోయిన డాక్టర్లు, నర్సులు అందులో ఉన్నారు. అప్పుడు ఇక్కడున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పిల్లలకు బడిలో థర్మామీటర్లు పంచడం, ఆఫీసు గుమ్మంలో జ్వరం చూడటం. 2019లో దాని పక్కనే అంటువ్యాధుల జాతీయ కేంద్రం తెరిచారు. ఏడాది తిరగకుండానే కోవిడ్. 2020లో కార్మికుల డార్మిటరీల్లో కోవిడ్ పాకినప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల బృందాలు ఆ గదుల దగ్గరికే వెళ్ళాయి. ఆ డార్మిటరీల్లో మన తెలుగు కుర్రాళ్ళు ఎందరో. అప్పు చేసి ఏజెంటుకు కట్టి, ఆ అప్పు తీరేదాకా ఇక్కడ చాకిరీ చేసే పిల్లలు. సింకే అన్న మాట పోయింది గానీ మనిషి పోలేదు.

ఇప్పుడు ఆ ఆసుపత్రి నర్సులు చుట్టుపక్కల పేటల్లోకి వచ్చి, హెచ్‌డీబీ బ్లాకుల కింద ముసలివాళ్ళకు బీపీ చూసి, ఒంటరిగా ఉన్నవాళ్ళ క్షేమం కనుక్కుంటారు. జబ్బు పడ్డాక మంచం ఇవ్వడం కంటే పడకముందు గుమ్మం దాకా వెళ్ళడం మేలన్న ఆలోచన.

కొట్లాట విషయంలో కూడా ఆలోచన ఇటే తిరిగింది, ఒక్క సింగపూర్‌లోనే కాదు. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో జొనాథన్ షెపర్డ్ అనే దవడల సర్జన్ ఒక సంగతి పట్టుకున్నాడు. తన దగ్గరకు మొహాలు పగిలి వస్తున్నవాళ్ళలో చాలామంది పోలీసుల దాకా వెళ్ళడం లేదు. అందుకని ఆసుపత్రి గుమస్తాలే ఎక్కడ, ఎప్పుడు, దేనితో కొట్టారని అడిగి, పేర్లు తీసేసి ఆ లెక్కలు పోలీసులకూ మునిసిపాలిటీకీ ఇచ్చే పద్ధతి పెట్టించాడు. ఆ ఊళ్ళో కొట్లాట గాయాలతో ఆసుపత్రిలో చేరేవాళ్ళు తగ్గారని 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. అమెరికాలో ఉన్న మన పాఠకులకు ఓక్లాండ్ తెలుసు. అక్కడ 1994 నుంచి తూటా తగిలి చేరిన కుర్రాడి మంచం దగ్గరికే ఒక మనిషి వెళ్ళి కూర్చుని, పగ తీర్చుకోవడానికి పోకుండా ఆపే కార్యక్రమం నడిచింది. బొంబాయి బాంద్రాలో భాభా ఆసుపత్రిలో దిలాసా అనే కేంద్రం సుమారు అదే పని ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ళ కోసం 2000 ప్రాంతంలో మొదలుపెట్టింది. ఆసుపత్రి లోపలే ఎందుకంటే, పోలీస్ స్టేషన్‌కు వెళ్తున్నానని ఇంట్లో చెప్పి బయల్దేరగలిగే ఆడది ఎంతమందిలో ఒకర్తె? ఆసుపత్రికని చెప్పి ఎవరైనా బయల్దేరవచ్చు.

సింగపూర్‌లో దీనికి వెనక చట్టం కూడా ఉంది. 1961 నాటి విమెన్స్ చార్టర్‌ను 1996లో సవరించి, కొట్టడమే కాదు, భయపెట్టడం, వేధిస్తూ ఉండటం కూడా కుటుంబ హింస కిందికే తెచ్చారు. కోర్టు రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. పేవ్ అనే సంస్థ 1999 నుంచి ఈ పని చేస్తోంది. 2021 జనవరిలో రోజంతా పలికే ఒక జాతీయ హెల్ప్‌లైన్ పెట్టారు, నంబరు 1800 777 0000. ఈ నంబరును మా ఆవిడ ఉగాది సంబరాల్లో ఆడవాళ్ళ బాత్రూం తలుపు లోపలి వైపు అంటించింది. హాల్లో బోర్డు మీద పెడదామన్నాను నేను. అందరి ముందూ ఆ బోర్డు దగ్గర నిలబడి నంబరు రాసుకునే ధైర్యం ఎవరికుంటుందని ఆవిడ అడిగింది. జవాబు లేకపోయింది.

ఆ రాత్రి బెంచీ మీద కూర్చున్న నా సంగతి. నేను అప్పటికి పదిహేనేళ్ళుగా ఇక్కడి తెలుగువాళ్ళలో పెద్దమనిషినే. ఇంట్లో గొడవలొస్తే నలుగురు పిలిచేది నన్నే. భార్యాభర్తల్ని కూర్చోబెట్టి, సర్దుకుపొమ్మని చెప్పి, కాఫీ తాగి వచ్చేవాణ్ణి. దాన్నే రాజీ అనుకునేవాణ్ణి. టాన్ టాక్ సెంగ్ కూడా తగవులు తీర్చాడు, కానీ ఆయన దగ్గర ఓడినవాడికి పడుకోవడానికి ఒక మంచం, చస్తే ఒక గొయ్యి ఉన్నాయి. నా దగ్గర ఉన్నది సలహా ఒక్కటే. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే మా ఆవిడను ముందు పంపుతాను, ఇద్దరితో ఒకేచోట మాట్లాడను, దుబాసీ పని అస్సలు చేయను.

ఆయన సమాధి అవుట్రమ్ రోడ్డు పక్క గుట్టవాలులో ఉంది, సింగపూర్ జనరల్ హాస్పిటల్‌కు దగ్గర్లోనే. ఎవరో పువ్వులు, అగరొత్తులు పెట్టి వెళ్తుంటారు. చూడాలనుకుంటే అవుట్రమ్ పార్క్ స్టేషన్లో దిగి టియోంగ్ బారు వైపు నడవండి, పావుగంట పట్టదు. పక్కనుంచి బస్సులు పోతూనే ఉంటాయి గనక పిల్లల చెయ్యి పట్టుకోండి. వాన పడ్డ రోజు మాత్రం వద్దు, మెట్ల మీద పాచి ఉంటుంది.